కల్ అంటే రేపు

పొద్దున లేస్తే మనోరమకు కాలు ఒక్కతాన నిలువదు. పెనం మీద జొన్నరొట్టె ఏసి గల్మకాడికి ఉరికి బజారు చూస్తది. రొట్టె మాడుతది. "కాళ్లకేమన్న చక్రాలున్నయా పోరీ!" అని తల్లి బస్వమ్మ తిట్టని రోజు లేదు. తిట్లు తిని, రొట్టె తినకుండ, ఆ పిల్ల జహీరాబాద్ స్టేషన్ ఎనుక గౌహర్ బేగం దగ్గరికి పోతది.

గౌహర్ బేగం బొంబాయిల సినిమా ఫిల్ములు కడిగే కార్ఖానల పని చేస్తది. లడాయి ఒడిసిన ఏడు అక్కను చూసిపోదామని వచ్చింది. ఉత్తగ కూసోలేక, బస్తీ పిల్లలకు సినిమా తీసుడు నేర్పిస్త రమ్మన్నది. కతలు, పాటలు ఏమీ లేవు. ఫిల్ము మీద సూదితోని గీకుడు, పసుపు నీళ్లల్ల ముంచుడు, కిటికీలకు గొంగళ్లు కట్టి చీకట్ల కడుగుడు. దండెం నిండ ఫిల్ములే ఆరుతుండె. పాపం అక్క చీరలు గోడల మీదికి ఎక్కినయి.

కెమెరాకు పిడి ఉంటది, చేత్తోని తిప్పాలె. మనోరమ ఆగమాగం తిప్పేది. జోరుగ తిప్పితే, బొమ్మ గోడ మీద ఏసినప్పుడు మనుషులు మెల్లగ, నీళ్లల్ల నడిచినట్టు నడుస్తరు. దర్జీ కొడుకు సర్వర్‌ది బద్ధకం చెయ్యి, ఆయన తీసినోళ్లు ఎలుకల లెక్క ఉరుకుతరు. ఏది ఎవరు తీసిన్రో చెప్పే పనే లేదు.

రేపు బండికి గౌహర్ బేగం వాపస్ పోవాలె. మనోరమను ఎంట తీస్కపోత, నా ఇంట్లనే ఉంచుకుంట, కార్ఖానల పని ఇప్పిస్త అన్నది. బస్వమ్మ ఒంటికాలి మీద లేచింది.

"ఆయన పోయినంక నాకున్నది ఇదొక్కతే. ఇది కండ్ల ముంగట లేకుంటే నేనెట్ల బతకాలె?"

మనోరమ ఏడ్చింది, అలిగింది, తినలే. బస్వమ్మ కూడ తినలే గని, మాట మార్చలే.

ఆ పొద్దే ఆఖరి పాఠం. గౌహర్ బేగం, "కల్ కో పకడ్‌కే లావ్", కల్‌ను పట్టుకొని తెండ్రి, అన్నది. ఉర్దూల నిన్నకూ రేపటికీ ఒక్కటే మాట, కల్. ఆమె మనసుల ఉన్నది నిన్న. సర్వర్ ఖాళీ గల్లీల నిలబడి పిడి తిప్పిండు. కడిగి చూస్తే నిన్న ఆ గల్లీల పోయిన పెండ్లి బరాత్ అంత వచ్చింది, గుర్రంతో సహా. "గుర్రం తోక సరిగ్గ రాలే" అని బేగం వంక పెట్టింది. మనోరమకేమో తలకాయ నిండ రేపే. కల్ అంటే ఇంకేం ఇనవడుతది? పోయి ఖాళీ ప్లాట్‌ఫారం ముంగట పిడి తిప్పి వచ్చింది.

పగటీలి ఆ బొమ్మ గోడ మీద ఏసిన్రు. బిడ్డను గుంజుకపోదామని అప్పుడే వచ్చిన బస్వమ్మ గడపల్నే ఆగింది. గోడ మీద స్టేషను. అండ్ల తనే ఉన్నది, పెట్టె అడుగున మడతపెట్టిన పచ్చ చీర కట్టుకొని.

"అరె, నేను నిన్న తెమ్మంటే రేపు తెచ్చినవా బేటీ?" అన్నది బేగం.

"మీకు ఒక్క మాటనాయె ఆపా, మాకు రెండు. జర సాఫ్ చెప్పొద్దా?" అని కసిరింది బస్వమ్మ. మళ్ల గోడ దిక్కు చూసి, "రేపు నేనాడ ఎందుకున్న? నా బిడ్డేది?" అన్నది.

బిడ్డ యాడ లేదు. ప్లాట్‌ఫారం ఎన్కకు జరుగుతున్నది. పచ్చ చీర బస్వమ్మ బొమ్మ ఎంబడే నడుస్తున్నది, మెల్లగ, మస్తు మెల్లగ. ఏడుస్తున్నది, నవ్వుతున్నది, ఏందో అంటున్నది. సప్పుడు లేని బొమ్మ, ఏమంటున్నదో తెలువలే.

"ఇది బండ్లకెళ్లి తీసింది. జోరుగ తిప్పే చెయ్యైతేనే గిట్ల మెల్లగ నడుస్తరు" అన్నడు సర్వర్.

బస్వమ్మ ఆ మెల్లటి నడకనే చూసింది. "నీ చెయ్యే గదనే ఇది" అని బిడ్డను పట్టుకొని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, ముక్కు తుడుచుకొని లేచింది.

"నడువు. పిండి పట్టియ్యాలె. తొవ్వల తినుడుకు రొట్టెలు గావాలె గద."

తెల్లారి బండి కదిలింది. మనోరమ రైలు డబ్బా తలుపుకాడ కూసొని కెమెరా పిడి పట్టుకున్నది. పచ్చ చీర బస్వమ్మ ఎంబడే నడిచింది, ఏడ్చింది, నవ్వింది.

"జోరుగ తిప్పు బిడ్డా!" అన్నది. "జర ఎక్కువసేపు కనవడుత."