హాజరు పడని వేలు

రోట్లో దోసెల్లోకి ఊరిబిండి నూరతా ఉంటే మిరపకారం తెగిన వేలి మొండికి తగిలి కోమలికి కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. "ఇంకా కాలేదా? ఇంట్లో నీకేం పనుంటాదని?" అన్నాడు మొగుడు మునికృష్ణ, చాపమీదనుంచి లేవకుండానే. పెళ్లయినప్పట్నుంచీ అదే పాట. అత్త ఆనందమ్మేమో, "నాలుగు వేళ్లతో దోసెలు పోసేవాళ్లు లేరా లోకంలో?" అనింది. మరి నీళ్లు మోసేదెవరో, అంట్లు తోమేదెవరో, ఆవు కింద పేడ ఎత్తేదెవరో ఆ తల్లీకొడుకులే చెప్పాల.

ఆ వేలు ఊరికే పోలేదు. మామిడికాయల కాలం. కోమలి పనిచేసే మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట తోతాపురి లారీలు బారుగా నిలబడుండాయి. టెంక ఇరుక్కోని మిషను మొరాయిస్తే, ఆపి తీస్తానని అడిగింది కోమలి. "ఆపితే బయట కాయలు కుళ్లిపోతాయి, అట్లే లాగు" అన్నాడు సూపర్‌వైజరు భానుచందర్. లాగింది. కుడిచేతి చూపుడువేలు సగానికి పోయింది. కట్టు కట్టించి, చేతిలో బత్తాయిల సంచి పెట్టి పంపినారు. అబ్బ, ఎంత పెద్ద మనసో.

నష్టపరిహారం కోసం చిత్తూరులో లేబర్ ఆఫీసుకు పోయి అర్జీ పెట్టినాక వాళ్ల మనసు సైజు తెలిసింది. గేటు దగ్గర వేలిముద్రతో హాజరేసే మిషనుండాది. కోమలిది ఆ చూపుడువేలే దాంట్లో ఎక్కించుండారు. వేరే వేలు ఎక్కించండి సార్ అంటే భానుచందర్ నవ్వి, "అర్జీ వెనక్కి తీసుకో, మిగిలిన తొమ్మిదీ ఎక్కిస్తా" అన్నాడు. అంతవరకూ పొద్దుగూకేదాకా కాయలు కడిగినా ఆమె పనికి రానట్టే లెక్క. తెగ్గోసింది వాళ్లే, ఆ వేలే తెచ్చి చూపించమనేదీ వాళ్లే. ఒళ్లు మండదా మనిషికి? కొన్నాళ్లకు ఫ్యాక్టరీ వ్యాను గూడా ఆమె కోసం ఆగేది మానేసింది. పనిలో తన పక్కనే నిలబడి కాయలు కడిగే పవిత్ర వ్యాను కిటికీలోంచి చూసి తల తిప్పుకునింది. ఆ పిల్లను తిట్టబుద్ధి కాలేదు కోమలికి, దానికీ సంసారముండాది.

లేబర్ ఆఫీసులో విచారణకు ముందురోజు మునికృష్ణ ఎన్నడూ లేంది మల్లెపూలు తెచ్చినాడు. "ఆవుకు గడ్డి కోస్తా ఉంటే ఇంట్లో గడ్డి మిషన్లో తెగిందని చెప్పు. నేనూ సాక్ష్యం చెప్తా. వ్యానుకు నన్ను డ్రైవరుగా పెట్టుకుంటామన్నారు" అన్నాడు. పెండ్లాం వేలు తెగితే మొగుడి చేతికి స్టీరింగు దొరికిందన్నమాట. ఆ మనిషి మొహాన ఉమ్మాలనిపించింది. పూలు తీసకపోయి దేవుడి పటానికి పెట్టింది. ఒప్పుకునిందనుకున్నాడు ఆయన.

మర్నాడు ఆఫీసరు ముందర మునికృష్ణ చేతులు కట్టుకోని నిలబడినాడు. పక్కనే భానుచందర్. "ఇంట్లోనే తెగింది సార్" అని మొదలుపెట్టినాడు మునికృష్ణ. "తెల్లారకముందే లేస్తాది సార్ మా ఆడది. నీళ్లు మోస్తాది, పేడ ఎత్తుతాది, వంట చేస్తాది, గడ్డి కోస్తాది. ఒక్క నిముసం కూర్చోదు. ఆ హడావిడిలోనే చెయ్యి మిషన్లో పడింది."

కోమలి నోరు తెరుచుకోని వినింది. ఇన్నేండ్ల కాపురంలో తన పనులు ఆయన నోట్లోంచి రావడం ఇదే మొదలు. అదీ అబద్ధం నిలబెట్టేదానికి.

"నువ్వేమ్మా, ఏమంటావు?" అన్నాడు ఆఫీసరు.

కోమలి కొంగులో దాచుకున్న చెయ్యి తీసి ఆయన మేజా మీద పెట్టింది. తల మాత్రం మొగుడి వైపు తిప్పింది.

"ఇంట్లో నీకేం పనుంటాదని నిన్న పొద్దున గూడా అంటివి గదా మామా. పనే లేని ఇంట్లో నా వేలెట్ల తెగిందో సారుకు చెప్పు."