నొప్పికి వకీలు

"గట్టిగా పిండవే! సగం బావి దాని కడుపులోనే ఉంది," అంది అత్తగారు వంటింట్లోంచి.

ఆ ఇంట్లో అందరికన్నా పెద్దది ఆ దుప్పటి. పొడిగా ఉంటే నలుగురిని కప్పుతుంది, తడిసిందంటే ఏనుగుపిల్ల తూకం తూగుతుంది. దాన్ని ఆరేస్తే వీధిలో ఎండ తగ్గిపోతోందని ఎదురింటివాళ్ళు తగాదాకి వచ్చిన రోజులున్నాయి. కోడలు ఒక కొసను కుళాయి గొట్టానికి చుట్టి, రెండో కొసను మెలిపెట్టింది. దుప్పటికన్నా ముందు ఆమె పొత్తికడుపు మెలిపడింది. గోడ పట్టుకుని నిలబడింది. కాళ్ళ వెంట జారుతున్నది దుప్పటి నీళ్ళు కాదని ఆమెకు తెలుసు. దుప్పటి నీళ్ళు అంత వెచ్చగా ఉండవు.

పోయిన వారమే ఆమె కడుపు తీయించుకుంది. ఉన్న ఇద్దరూ చాలని మొగుడూ పెళ్ళామూ అనుకున్నారు. కాపురానికి వచ్చాక వాళ్ళిద్దరూ ఒకే మాట మీద నిలబడిన అరుదైన సందర్భాల్లో అదొకటి. తీయించుకోవడానికి వెళ్ళినప్పుడు జనానికి కొదవ లేదు. మొగుడు వచ్చాడు, అత్తగారు వచ్చింది, ఆడపడుచు ఫోన్లో వచ్చింది. పని కాగానే సినిమా వదిలినట్టు ఎవరి దారిన వాళ్ళు పోయారు. "జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువైనా, వాసన వేసినా ఆలస్యం చేయకుండా రండి. ఏమీ లేకపోయినా ఒకసారి వచ్చి చూపించుకోండి," అని అక్కడి నర్సు చెప్పింది. చెప్పింది అత్తగారితో, ఎందుకంటే నర్సుతో మాట్లాడుతున్నది అత్తగారే. ఆ మాట ఇల్లు చేరేసరికి చిక్కి సగమై "అంతా బాగుందంది" అని మిగిలింది.

పురుడైతే ఆ మర్యాదే వేరు. ఇద్దరు పిల్లలప్పుడూ ఆమె చెవులకి గుడ్డ కట్టి, వేణ్ణీళ్ళు పోసి, మంచం దిగితే కేకలేసి కూర్చోబెట్టింది ఇదే అత్తగారు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి చూపించడానికి చేతిలో బిడ్డ ఉంది మరి. ఇప్పుడు చూపించడానికేమీ లేదు. చేతులు ఖాళీగా కనబడ్డాయి కనక ఆ చేతుల్లో దుప్పటి పెట్టారు. ఒళ్ళు మాత్రం ఒకటే, రక్తం అదే ఎరుపు. ఈ సంగతి ఎవరితోనైనా అనాలని కోడలికి వారం నుంచీ నోట్లో తిరుగుతోంది. అనడానికి తీరిక దొరకలేదు.

ఇంట్లో ఇలా ఉంటే ఫ్యాక్టరీలో ఇంకోలా ఉంది. కదిలే బెల్టు మీద వచ్చే బిస్కట్లు పెట్టెల్లో సర్దే పని ఆమెది, నిలబడి చేసే పని. బాత్రూం తాళంచెవి సూపర్‌వైజరు మెడలో వేలాడుతుంది, పతకం లాగా. వారంలో ఆమె దాన్ని అడిగినన్నిసార్లు దేవుణ్ణి కూడా ఏమీ అడిగి ఉండదు. "మళ్ళీనా? ఏమ్మా, లోపల కాపురం పెట్టావా?" అన్నాడతను నిన్న. బెల్టు పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వనివాళ్ళకి ఆ తాళంచెవి ఆలస్యంగా చేతికొస్తుందని అందరికీ తెలుసు. పక్కన పనిచేసే పొడుగామె ఒక్కతే నవ్వకుండా ఆమె మణికట్టు పట్టుకుని చూసింది.

"ఇదేంటే, పొయ్యి ఆ షెడ్డులో కదా ఉండాలి, నీ చేతిలో ఉందేంటి? ఒక ట్రే బిస్కట్లు కాల్చెయ్యొచ్చు."

"తగ్గిపోతుందిలే."

"ఏది తగ్గేది? మనిషివా? పెద్దాసుపత్రిలో చూస్తారు, వెళ్ళు. వెళ్తే తిడతారంటారు, తిట్టనీ. తిట్లు తిన్నవాళ్ళని చాలామందిని చూశాను, అందరూ బతికే ఉన్నారు. జ్వరం దాచుకున్నవాళ్ళనే మోసుకెళ్ళారు."

ఆ మాట ఇప్పుడు గోడ పక్కన గుర్తొచ్చింది. కోడలు దుప్పటి కొస వదిలేసింది. అది ధబీమని తొట్టిలో పడింది.

"ఏం పడిందే?" అని వంటింట్లోంచి కేక.

"దుప్పటి పడింది అత్తయ్యా. నేనింకా పడలేదు," అని, ఆమె చీర మార్చుకుని ముందు గదిలోకి వెళ్ళింది.

ముందు గది ఆమె మొగుడి కొట్టు. మిక్సీలు, ఫ్యాన్లు, నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. చెయ్యి మంచిదని పేరు. అతను చెవి పెట్టి వింటే మోటారు తన బాధంతా చెప్పుకుంటుందని అంటారు. అప్పుడే ఒకావిడ మిక్సీ తీసుకెళ్ళడానికి వచ్చింది. అతను వైరు చుట్టి ఇస్తూ అందరికీ చెప్పే పాఠమే చెబుతున్నాడు.

"బాగైంది కదాని వదిలెయ్యకండమ్మా. వేడెక్కినా, వాసన వేసినా వెంటనే ఆపేసి తీసుకురండి. ఏమీ లేకపోయినా వారం వాడాక ఒకసారి తెచ్చి చూపించండి. లోపల ఏమైనా ముక్క ఉండిపోతే మొత్తం కాలిపోతుంది."

కోడలు గుమ్మంలో ఆగి అంతా విన్నది. ఈ మనిషి చేతికి మిక్సీగా వచ్చి ఉంటే ఎంత సుఖపడేదాన్నో అనుకుంది. పెళ్ళాన్ని మాత్రం గ్యారంటీ లేని సరుకు కింద తెచ్చుకున్నట్టున్నాడు.

"ఏమండీ, నేనూ వేడెక్కాను. వాసన కూడా వేస్తోంది. ఆసుపత్రికి వెళ్తున్నాను."

మిక్సీ ఆవిడ నోరు తెరిచి, మిక్సీ మూతతో మూసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది. మొగుడు గొంతు తగ్గించాడు.

"అయిపోయిందిగా? మళ్ళీ ఎందుకు? ఇప్పుడు వెళ్తే ఏం చేశావని అడుగుతారు. పదిమందికీ తెలియాలా?"

"మీ మిక్సీలు వెనక్కి తెచ్చినప్పుడు వీధి వీధంతా చూస్తుంది. ఏ మిక్సీకైనా పరువు పోయిందా?"

అతను చేతిలో స్క్రూడ్రైవర్ని అటూ ఇటూ తిప్పాడు. దానికేం తెలుసు పాపం! ఆఖరికి, "సరే, అమ్మని తీసుకెళ్ళు," అన్నాడు.

అసలు చిక్కు అక్కడే ఉంది. అత్తగారిని వీధిలో వకీలమ్మ అంటారు. కోర్టు మొహం చూడలేదు గానీ, ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా డాక్టరు ముందు వాదించేది ఆవిడే. రోగికి నోరు తెరిచే హక్కు నాలుక చూపించడం వరకే. ఒకసారి మామగారికి పన్ను నొప్పి వచ్చింది. పంటి నొప్పులన్నీ మోకాళ్ళలో పుడతాయని ఆవిడ సిద్ధాంతం. డాక్టరు దగ్గర మోకాలి తరఫున అరగంట వాదించింది. మామగారు రెండు మోకాళ్ళకీ కట్లతో ఇంటికొచ్చి, మళ్ళీ చచ్చినా పన్ను ఊసెత్తలేదు. ఇంకోసారి ఆవిడ వాదనకి కంగారుపడి కాంపౌండరు రోగిని వదిలేసి డాక్టరుకే సూది పొడిచాడని చెప్పుకుంటారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పిన మాట కావచ్చు. మోకాళ్ళ కట్లు మాత్రం కోడలు కళ్ళారా చూసింది.

ఆటోలోనే కేసు తయారైంది.

"నువ్వు నోరు మెదపకు. నేను చెబుతాను. బాత్రూంలో జారిపడ్డావు, నడుం పట్టేసింది, దాంతో నెలసరి ఎక్కువైంది. అంతే."

ఆటో గోతిలో పడినప్పుడల్లా కోడలు కడుపు పట్టుకుని, ఊపిరి జాగ్రత్తగా వాడుకుంటోంది.

ఆసుపత్రిలో పొడుగాటి హాలు, ఫినాయిలు వాసన, గోడ వెంట బెంచీలు. పేరు పిలిచాక లోపలికి వెళ్ళారు. డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని రాసుకుంటోంది. కోడలు స్టూలు మీద కూర్చునేలోపే అత్తగారు మొదలుపెట్టింది. జారిపడిన బాత్రూం, ఆ బాత్రూంలో నాచు, ఆ నాచు తీయించమని కొడుకుతో చెప్పి ఎన్నాళ్ళైందో, ఇవన్నీ వచ్చాయి. కోడలి పుట్టింటివాళ్ళ ఎముకలు మొదట్నుంచీ గుల్లేనన్న మాట కూడా వచ్చింది. డాక్టరమ్మ తల ఎత్తకుండా, "దెబ్బ ఎక్కడ?" అంది. "నడుముకి," అంది అత్తగారు. "నడుముకి ఎక్స్‌రే," అని డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టింది.

కలం కదులుతుంటే కోడలు దాన్నే చూస్తోంది. పన్నుకి బదులు మోకాలికి కట్టు కట్టినా మనిషి బతికి బయటపడొచ్చు. ఇది పన్ను కాదు. ఈ కాగితం పట్టుకుని ఎక్స్‌రే గది ముందు నిలబడితే, నడుము ఎముకలు బంగారంలా ఉన్నాయని చెప్పి ఇంటికి పంపుతారు. ఇంటికెళ్తే తొట్టిలో దుప్పటి ఉంది, రేపు బెల్టు ఉంది, ఎల్లుండి తను ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. ఎందుకు పోయిందో కూడా తెలియదు, వకీలమ్మ అప్పటికి ఇంకో కారణం చెబుతుంది. పెళ్ళైన నాటి నుంచీ తన దగ్గు, తన తలనొప్పి, తన రెండు కాన్పులూ ఇంకొకరి నోట వింటూనే వచ్చింది. కొన్ని నిజంగానే తనవి కావేమో అనిపించేంత బాగా చెప్పేది ఆవిడ. ఇది మాత్రం తనదే. ఇంత నొప్పిని పరాయిదని ఎవరూ పొరబడరు.

"డాక్టరమ్మా, అది రాయకండి. నేను జారిపడలేదు. పోయిన వారం కడుపు తీయించుకున్నాను, మేం అనుకునే తీయించుకున్నాం. అప్పట్నుంచీ రక్తం ఆగలేదు. మొన్నటి నుంచి జ్వరం, వాసన."

కలం ఆగింది. డాక్టరమ్మ కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదికి దిగింది.

"ఓసి నీ నోరు పడ!" అంది అత్తగారు.

"అత్తయ్యా, మీరు కాసేపు బయట కూర్చోండి."

"నేను లేకుండా నువ్వేం చెబుతావే?"

"నా కడుపు సంగతి కదా, ఎంతో కొంత నాకూ తెలుసు."

గది తలుపు మూసుకున్నాక కోడలు తిట్ల కోసం భుజాలు బిగించి కూర్చుంది. డాక్టరమ్మ తిట్టలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, స్కానింగు చేయించింది. లోపల కొంచెం ఉండిపోయిందనీ, దానికి చీము పడుతోందనీ చెప్పింది. ఏం చేయబోతున్నారో, ఎందుకు చేస్తున్నారో ఒక్కొక్కటీ ఆమెకే చెప్పింది, ఆమె తల ఊపేదాకా ఆగి మరీ చెప్పింది. "ఇంకో రెండ్రోజులు నడుముకి మందు రాసుకుని ఉంటే, నిన్ను కాదమ్మా, నీ ఫొటోని చూడాల్సి వచ్చేది," అంది చేతులు కడుక్కుంటూ.

సాయంత్రం వార్డులోకి మొగుడు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. అరచేతులు ఎర్రగా ఉన్నాయి.

"ఆ దుప్పటి... నేనే పిండాను. అబ్బ, ఏం బరువే!"

"తెలిసిందిగా," అంది కోడలు. జాలిపడడానికి కొంచెం ఓపిక మిగిలే ఉంది గానీ, దాన్ని తన కోసం దాచుకుంది.

తరవాతి వారం ఆమె ఎవరినీ అడగలేదు. "చూపించుకోవడానికి వెళ్తున్నాను, ఫ్యాక్టరీలో చెప్పేశాను," అంది. మొగుడు తలూపి పిల్లలకి జడలు వేయడానికి కూర్చున్నాడు. అవి జడల్లా లేవు, మోటారు వైండింగులా ఉన్నాయి. అత్తగారు చెప్పులేసుకుని వెనకాలే వచ్చింది. ఆ రోజు బయటికి పంపినప్పటి నుంచీ వకీలమ్మ వాదనలు తగ్గాయని వీధిలో వింతగా చెప్పుకుంటున్నారు.

హాల్లో బెంచీ మీద ఆవిడ చాలాసేపు పైట కొంగు మడతలు పెట్టి విప్పింది.

"ఆ డాక్టరమ్మ నిజంగా తిట్టలేదా?"

"లేదత్తయ్యా."

"పాతవాటికి కూడా చూస్తుందా?"

కోడలు తిరిగి చూసింది. అత్తగారు ఎదురు గోడ వైపే చూస్తోంది.

"నీ మొగుడి తరవాత నాకూ తీయించారు. ఆ సాయంత్రమే నీళ్ళు మోయించింది మా అత్త. జ్వరమొస్తే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళి, ఎండదెబ్బ అని చెప్పింది. నేను నోరు మెదపలేదు. జ్వరం పోయింది గానీ నొప్పి పోలేదే. ఇప్పుడు నాలుగడుగులు నడిస్తే లోపలున్నది కిందికి జారుతోంది. ఎవరితో చెప్పను?"

ఇంటిల్లిపాది నొప్పుల్నీ ఊరికి వినబడేలా వాదించిన మనిషి, ఇన్నేళ్ళూ తన కేసు ఒక్కటీ చీర కుచ్చెళ్ళ వెనక దాచి తిరిగింది. కోడలికి కోపం రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని లేపి, కౌంటరు దగ్గరికి తీసుకెళ్ళింది.

"రెండు చీటీలివ్వండి."

"రెండోది ఎవరికి? జబ్బేంటి?" అన్నాడు గుమాస్తా, కోడలి వైపే చూస్తూ.

జవాబు కోడలి నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేసి, పక్కకి జరిగి చోటిచ్చింది. అత్తగారు కొంగు నడుముకి దోపుకుని కౌంటరు మీద మోచేతులు ఆనించింది.

"నాకే. జబ్బు డాక్టరమ్మకి చెప్పుకుంటాను. నువ్వు చీటీ రాయి నాయనా."