షాహీన్ ఎడమ చెయ్యి

స్టేషన్ ఘన్‌పూర్‌లో రోజూ పొద్దున్నే పాలు పొయ్యవచ్చే మొగిలమ్మ గడపల నిలబడే అడుగుతది.

"షాహీనూ, పిలగాండ్లు ఎట్లున్నరే?"

షాహీన్ ఎడమ చేతి అంగీ పైకి మలిచింది. మోచేతి కింద నీలం బాల్‌పెన్ రాత. ఇలియాస్, పదమూడు కిలోలు. రానియా, పదకొండున్నర. హనాన్, ఐదు.

"హనాన్‌కు ఇయ్యాల ఐదు కిలోలు నిండినయి పెద్దమ్మా."

"నా తల్లే! పాలు మంచిగ తాగుతాందన్నట్టు. జర దిష్టి తియ్యుండ్రి!"

తల్లి ఖతీజాబీ ఎండుమిరపకాయలు తెచ్చి ఆ చేతికి దిష్టి తీసింది.

నర్సులకు అలవాటే కదా, కాగితం దొరక్కపోతే ఒంటిమీదనే గీక్కుంటరు. కొలువు కోసం పోయిన దేశంల యుద్ధమొచ్చిననాడు షాహీన్ గూడ వార్డుల ఉన్న ముగ్గురు పిల్లల పేర్లు, మందు లెక్కకు వాళ్ల బరువులు అట్లనే రాసుకొని మందుల కోసం కిందికి దిగింది. పైన పిల్లల వార్డు మీద బాంబు పడ్డది. ఒక్కరూ మిగల్లే. ఇంటికొచ్చినా ఆ రాత సబ్బుకు పోలేదు. పైగా తెల్లారేసరికల్లా బరువులు పెరుగుతున్నయి.

ఆ మధ్యాహ్నం అంతర్జాతీయ కోర్టు నుంచి దర్యాప్తు మేడమ్ వీడియోకాల్ చేసింది. ఆమె మాటల్ని పక్కనొకాయన తెలుగులో చెప్పిండు.

"వార్డు ఖాళీగా ఉందని సైన్యం అంటోంది. బతికున్న సాక్షి మీరొక్కరే. పిల్లల పేర్లు, వాళ్లేమయ్యారో మీ నోటితో చెప్పాలి."

ఖాళీ అట! ఎంత సిగ్గులేని అబద్ధం!

"ఇలియాస్," అన్నది షాహీన్. "చచ్చిపోయిండు."

చేతిమీద మొదటి వరుస మాయమైంది. షాహీన్ చెయ్యిని చున్నీల దాచుకుంది.

"నాతోని కాదు అమ్మీ. ఈ ఇద్దరినన్న ఉండనియ్యి."

ఖతీజాబీ కండ్లు తుడుచుకుంది. "నువ్వు చెప్పకుంటే ఆ పిల్లలు అసలు లేనే లేరంటరు బిడ్డా, ఆ పాపాత్ములు."

షాహీన్ చున్నీలకెళ్లి చెయ్యి బయటికి తీసింది. రానియా పేరు చెప్పింది. రెండో వరుస పోయింది. చివరి వరుస మీద అరచెయ్యి పెట్టుకుంది. చంటిదాన్ని జోకొట్టినట్టు రెండుసార్లు తట్టింది.

"హనాన్. ఆనాడు మూడు కిలోలు. చచ్చిపోయింది." ఫోన్ దిక్కు వంగి, "బరువు గూడ రాసుకోండి మేడమ్," అన్నది.

"రాసుకున్నాం," అన్నది మేడమ్. ఇంక వార్డు ఖాళీ అనడం వాళ్ల తరం కాదని, కేసు నిలబడుతుందని గూడ చెప్పింది.

షాహీన్‌కు ఆ మాట వినపడలే. ఉత్త చెయ్యి రొమ్ముకు అదుముకొని, ఇంటికొచ్చినంక మొదటిసారి గొల్లుమన్నది.