మోకరించిన సంఘం

ప్రభువు బల్ల దగ్గర రొట్టెను కూర్చునే తీసుకోవాలని గ్రిజెల్‌కు నేర్పింది ఊరి గుడిలో బోధించే గావిన్ అయ్యగారే. విందుకు పిలిస్తే అతిథి కూర్చుంటాడు గానీ మోకరించడనీ, రొట్టె ముందు మోకరిస్తే విగ్రహానికి మొక్కినట్టేననీ ఏళ్ల తరబడి చెవినిల్లు కట్టుకుని చెప్పాడు. ఇకమీదట అందరూ మోకరించే తీసుకోవాలని రాజుగారి ఆజ్ఞ వచ్చినప్పుడు, అయ్యగారి మాట నమ్మి అందరికంటే ముందు కాదన్నవాడు ఆమె భర్త, నేతగాడు నినియన్. అతన్ని ఎడిన్‌బరో జైల్లో వేశారు. ఆజ్ఞకు ఒప్పుకున్న అయ్యగారికి మాత్రం జీతం ఆగలేదు.

శనివారం ఆయన ఆమె ఇంటికి వచ్చి, పెట్టిన ఓట్స్ జావ శుభ్రంగా తాగాడు. తర్వాత అసలు సంగతి ఎత్తాడు.

"రేపు నువ్వు ముందు మోకరించమ్మా. నినియన్ పెళ్లామే వంగితే ఊరు వంగుతుంది. అతన్ని ఇంటికి తెచ్చే పూచీ నాది."

మరి ఇన్నాళ్లూ మీరు చెప్పిందేమిటని ఆమె అడిగింది. దేవుడు చూసేది హృదయాన్ని గానీ మోకాళ్లను కాదన్నాడు. నాలుక మడతెయ్యడం ఆయనకు అప్పటికే బాగా అలవాటైంది.

ఈ సంగతి తెలిస్తే నినియన్ తన ముఖం చూడడని గ్రిజెల్‌కు తెలుసు. కానీ ఆ చెమ్మ గోడల మధ్య అతను నెత్తురు కక్కుతున్నాడని బండివాళ్లు చెప్పిపోయారు. ముఖం చూడకపోయినా సరే, మనిషి ప్రాణాలతో వస్తే చాలనుకుంది.

ఆదివారం గుడిలో ఎప్పుడూ వేసే పొడుగు బల్ల లేదు, బెంచీలూ లేవు. జనం ఎటూ తోచక నిలబడ్డారు. గ్రిజెల్ ముందుకు నడిచి రాతి నేల మీద మోకాళ్లూనింది. కాసేపటికి ఆడబిడ్డ యూఫేమ్ వచ్చి పక్కన వంగింది. ఆ తర్వాత ఒక్కొక్కరే ఊరంతా వంగారు.

అయ్యగారు చేతిలో రొట్టె పెడుతుంటే, నినియన్ ఎప్పుడొస్తాడని గ్రిజెల్ మెల్లగా అడిగింది.

"ఉత్తరాది దీవులకు పంపేశారమ్మా, ఇక తిరిగి రానివ్వరు. శుక్రవారమే కబురొచ్చింది. రాజుగారి సభ తీర్పు, నా చేతిలో ఏముంది?"

అంటే తెలిసే తన ఇంట్లో కూర్చుని జావ తాగాడు. గ్రిజెల్‌కు ఒళ్లు మండిపోయింది. రొట్టెను పళ్లెంలో పడేసి లేచి నిలబడింది.

"నా మొగుణ్ణి తీసుకొస్తానని అబద్ధం చెప్పి నన్ను మోకరింపజేశాడు," అంది, గుడంతా వినేలా. "లేవండి, అందరూ లేవండి."

ఎవరూ లేవలేదు. యూఫేమ్ ఆమె గౌను అంచు పట్టి లాగింది.

"ఊరుకోవే. నిన్ను చూసేగా వంగాం. ఇప్పుడు మమ్మల్ని కూడా జైలుకు పంపుతావా?"

అయ్యగారు పళ్లెంతో పక్కకు జరిగాడు. యూఫేమ్ గౌను వదిలేసి, రొట్టె కోసం ఆయన ముందు రెండు చేతులూ చాపింది.