పెత్తనాలమ్మ మందునీళ్ళు

ఎరుపు.

గూట్లో పరిచిన పాత పేపరు మీద, చొక్కా బొత్తామంత ఎరుపు. ఇంకా తడిగా ఉంది. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉండేలా ఉంది.

పొద్దుటెండ సరిగ్గా అక్కడే పడింది — పెరడంతా వదిలేసి.

ఆమె వంగి చూసింది. లేచింది. మళ్ళీ వంగి చూసింది.

రక్తమే.

రక్తానికి జడిసే మనిషి కాదు ఆమె. పదేళ్ళుగా ఆసుపత్రి ల్యాబులో పని. ఎవరెవరి కడుపుల్లోంచో వచ్చినదాన్ని గాజుపలక మీద పూసి, పొద్దస్తమానం మైక్రోస్కోపులో చూడటమే ఉద్యోగం. ముక్కు మూసుకోదు. మొహం చిట్లించదు. చూసింది రాస్తుంది, చేతులు రుద్ది రుద్ది కడుక్కుంటుంది, హాయిగా భోంచేస్తుంది.

కానీ ఇది పెత్తనాలమ్మ రక్తం…

పెత్తనాలమ్మ అంటే కోడి. గోధుమరంగు పెట్ట. ఇంటికొచ్చిన మర్నాడే పక్కింటి పిల్లిని తరిమింది. ఆరేసిన బట్టల కింద నిలబడి అజమాయిషీ మొదలెట్టింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి పగలు పడుకునే ఇంటాయన, దాని అరుపులకి నిద్ర పాడై, "ఏమిటే బాబూ దీని పెత్తనం" అన్నాడు. ఆ పేరే ఖాయమైపోయింది.

ఇప్పుడా పెత్తనం లేదు. రెక్కలు వేలాడేసి, మెడ లోపలికి లాక్కుని, కళ్ళు మూసుకుని మూల నిలబడి ఉంది. తలమీది తురాయి పాలిపోయింది.

ఆమె పేపరు మార్చకుండా గూటి ముందే కూర్చుండిపోయింది.

కోడి కోసమేనా? అబద్ధమెందుకు, కోడి ఒక్కదాని కోసం కాదు.

చిన్నదాని కోసం.

చిన్నదంటే కూతురు. ఏడేళ్ళది. రెండు నెలల కిందట దానికీ ఇలాగే విరేచనంలో రక్తం పడింది. ఆ గాజుపలక ఈమె బల్ల మీదికే వచ్చింది. ఇంకెవరికైనా ఇవ్వచ్చు… ఇవ్వలేదు. తనే చూసింది. అమీబాలు. కదులుతున్నాయి — ఒకటీ రెండూ కాదు. రిపోర్టు రాసి, సంతకం పెట్టి, బాత్‌రూములోకి వెళ్ళి గడియ వేసుకుని ఏడ్చింది.

పిల్ల బతికింది. పుల్లలా అయి ఇంటికొచ్చింది. తిండి మాత్రం మానేసి వచ్చింది. బతిమాలారు, బెదిరించారు, కథలు చెప్పారు. నోరు తెరిస్తేనా.

తెరిపించింది పెత్తనాలమ్మే.

దాని ముక్కుకొక గింజ. దీని నోటికొక ముద్ద. అది తింటే ఇది తింటుంది, అది ఆగితే ఇదీ ఆగుతుంది. అలా ముద్ద ముద్దకీ పిల్ల ఒంటికి కాస్త కండ పట్టింది.

నిన్న సాయంత్రం కోడి గింజ ముట్టలేదు.

చిన్నది కంచం తోసేసింది.

*

మధ్యాహ్నం ల్యాబులో అందరూ భోజనానికి వెళ్ళేదాకా ఆగి, సంచిలోంచి కోడి రెట్ట పట్టి తెచ్చిన చిన్న సీసా తీసింది.

గాజుపలక. ఒక చుక్క. వెలుతురు.

గుండ్రంగా… పలచటి అంచులతో… కిక్కిరిసిపోయి ఉన్నాయి. కోడిపేగుల్లో పెరిగే పరాన్నజీవి గుడ్లు. పేగుని లోపల్నించి కొరుక్కు తింటుంది. మనుషులకి అంటదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసినా ఆ పలకని మళ్ళీ ఒకసారి చూసింది.

ఆ సాయంత్రం పశువుల డాక్టరు పొడి పొట్లం చేతిలో పెట్టాడు.

"నీళ్ళలో కలిపి పెట్టండమ్మా. ఐదు రోజులు. ఈ నీళ్ళు తప్ప వేరే చుక్క దాని నోట పడకూడదు. పడిందా, మందు వేసీ వేయనట్టే."

"తగ్గుతుందా అండీ?"

"రక్తం దాకా వచ్చిందంటున్నారు కదా. మూడోరోజుకి తెలిసిపోతుంది."

ఏం తెలిసిపోతుందో ఆయన చెప్పలేదు. ఆమె పొట్లం సంచిలో వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే కుళాయి నీళ్ళలో మందు కలుపుతుంటే, చిన్నది గట్టు మీద గొంతుక్కూర్చుని చూసింది. నీళ్ళు లేత పసుపుకి తిరిగాయి.

"చేదా అమ్మా?"

"చేదే అయ్యుంటుంది."

"దానికి చేదు పడదు."

"పడకపోయినా తాగాలి. నువ్వు తాగలేదూ?"

చిన్నది మోకాళ్ళ మీద గడ్డం ఆనించింది. గిన్నె వైపే చూస్తూ కూర్చుంది.

*

ఒకటో రోజు.

ఆమె పనినుంచి వచ్చేసరికి గిన్నె ఖాళీ. హమ్మయ్య అనుకుంది. చిన్నదాని సీసా కూడా ఖాళీ — కాచి చల్లార్చిన నీళ్ళు, మూత బిగించి పెట్టిన సీసా. మంచిది, ఇద్దరూ తాగుతున్నారు.

తెల్లారి పేపరు మార్చబోతే, ఎరుపు.

రెండో రోజు.

గిన్నె ఖాళీ. సీసా ఖాళీ. పేపరు మీద ఎరుపు — నిన్నటికంటే పెద్దది.

కోడిని ఒళ్ళోకి తీసుకుంది. బరువే లేదు. ఈకల కింద రొమ్మెముక చేతికి గుచ్చుకుంది. ఒకప్పుడు ఆసుపత్రి మంచం మీద పిల్లని ఎత్తుకున్నప్పుడు కూడా ఇలాగే, ఎక్కడ పట్టుకున్నా ఎముకే.

"మందు తాగుతోందిగా, తగ్గుతుందిలే" అన్నాడు మంచం మీంచే ఇంటాయన.

తాగుతోంది. మరెందుకు తగ్గట్లేదు?

తాగుతోంది… మరెందుకు?

ఆ పూట చిన్నది రెండంటే రెండే ముద్దలు తింది. అవీ ఏడుస్తూ.

మూడో రోజు.

ల్యాబులో మనసు నిలవలేదు. ఒకరి రిపోర్టు ఇంకొకరి పేరు మీద రాయబోయి, సరిగ్గా సంతకం దగ్గర ఆగింది. ఆ కాగితం చింపేసింది. సగం పూట సెలవడిగి ఇంటికొచ్చేసింది.

ముందు గదిలో ఇంటాయన గురక. వంటింట్లో ఎవరూ లేరు. కిటికీలోంచి పెరట్లోకి చూసింది.

చిన్నది గూడు ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. గిన్నెని రెండు చేతులా ఎత్తింది. కళ్ళు గట్టిగా మూసుకుంది…

తాగింది.

గుక్క తర్వాత గుక్క. ఆఖరి చుక్క దాకా. పెదాలు తుడుచుకుని, వణికి, తన సీసా మూత తీసి, తన నీళ్ళు ఆ గిన్నెలో పోసింది.

"తాగు. చేదు లేదు" అంది కోడితో.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు ఎలా తీసిందో తెలీదు. పిల్లని ఎలా లాగిందో తెలీదు. గిన్నె దొర్లిపోయింది.

"ఏం చేశావే? ఎన్నాళ్ళనించి?"

చిన్నది బిక్కచచ్చిపోయింది.

"మొదట్నించీ. నువ్వూ ఇలాగే చేశావు కదమ్మా… నా మందు ముందు నువ్వు తాగేదానివి. 'చూడు, అమ్మ తాగింది' అనేదానివి. అప్పుడే కదా నాకు తగ్గింది."

ఆమె పిల్ల చెయ్యి వదిలేసింది.

ఒక్కనాడూ తాగలేదు ఆమె. గ్లాసు పెదాలకి ఆనించి, గుటక వేసినట్టు గొంతు కదిపేది. అంతే. వట్టి నటన. పిల్ల మాత్రం నటించలేదు.

"సగమే తాగుదామనుకున్నా. మిగతాది చేదని అది ముట్టలేదు. మందు పారబోయకూడదన్నావుగా…"

అన్నది నిజమే. కాచిన నీళ్ళు తప్ప మరోటి ముట్టకూడదన్నదీ ఆమే. అన్నీ తను నేర్పినవే. పిల్ల ఒక్కటీ మర్చిపోలేదు — కోడి కోసమే ఆ ఒక్కటి దాటింది.

*

పశువుల డాక్టరుకి ఫోను చేసింది. "ఆ కాస్త మందుకి పిల్లకేం కాదులెండమ్మా. మరి… ఆ గిన్నె? కోడి అందులో కాళ్ళు పెడుతుంది కదా?"

పిల్లల డాక్టరు కూడా మందు గురించి కంగారుపడలేదు. గిన్నె గురించీ, కాచని నీళ్ళ గురించీ విన్నాక మాత్రం పాత రిపోర్టు తేదీ అడిగాడు. "కడుపునొప్పి లాంటిదేమైనా వస్తే శాంపిల్ చూసెయ్యండి. మీ చేతిలో పనే కదా" అన్నాడు.

మీ చేతిలో పనే కదా.

ఆ సాయంత్రం కోడి ముక్కు విప్పి, డ్రాపరుతో చుక్క చుక్కా పోసింది. రెక్కలు చిన్నది పట్టుకుంది. మింగింది కొంత, కార్చింది కొంత. అసలు మందు పడటం ఇదే మొదలు. మూడు రోజులు వట్టిగా పోయాయి.

ఆ పూట గింజ ముట్టింది లేదు. ముద్ద ముట్టింది లేదు.

పొద్దున లేస్తూనే చిన్నది పొట్ట పట్టుకుంది. "ఇక్కడ… కొంచెమే అమ్మా."

కొంచెమే.

*

ల్యాబు తలుపు తాళం తనే తీసింది. ఇంకా ఎవరూ రాలేదు. సంచిలోంచి రెండు సీసాలు తీసి బల్ల మీద పెట్టింది. ఒకదాని మీద పేరు రాయలేదు. రెండోదాని మీద రాసింది.

పేరు లేనిది ముందు చూసింది. ఇంకా ఉన్నాయి. మొన్నటంత కిక్కిరిసి ఉన్నాయో, కాస్త పలచబడ్డాయో… లెక్కపెట్టే ఓపిక లేదు.

ఆ పలక పక్కన పెట్టింది.

రెండో పలక బిగించింది. చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చుంది. బయట ఊడ్చే ఆవిడ చీపురు చప్పుడు. ఎవరిదో దగ్గు. ఇంకాసేపట్లో అందరూ వచ్చేస్తారు.

భయంగా ఉంది. ఇంత భయం ఆమెకి రెండు నెలల కిందట కూడా వేయలేదు.

కన్ను ఆనించింది. మర తిప్పింది.

మసక. ఇంకా మసక. ఆ మసకలోంచి ఏదో… గుండ్రంగా… అంచు తేలుతూ…

గాలిబుడగేమో.

గాలిబుడగే కావాలి.

ఊపిరి బిగబట్టి, ఇంకొంచెం తిప్పింది.