అడిగినదానికి రెండింతలు పంపిన ఫోతు

ఆగండి, ఇది వినేసి వెళ్ళండి. నాకూ చెప్పి చెప్పి నీరసం వచ్చేసింది.

మా నాన్న కవేఇంగా, టోంగా దీవుల్లో మా ఊరు నేయాఫు చర్చి బ్యాండులో ఒళ్ళో బిడ్డలా పెట్టుకుని ఊదే పెద్ద ఇత్తడి బాకా ఊదేవాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్లండ్‌లో వైద్యానికి విమానం టికెట్ కావాలి, ఇంక ఊదేదీ లేదు, అమ్మేద్దామన్నాడు. నెట్‌లో నేనే పెట్టా. ఆస్ట్రేలియా నుంచి ఫోతు అనే ఒకాయన మెసేజ్ పెట్టాడు, నేనూ టోంగా వాడినే అన్నాడు, బేరమే ఆడలేదు. చెక్కొచ్చింది. చూస్తే మేం అడిగినదానికి రెండింతలు. "మిగిలినదాంట్లో కొంత మీ చర్చికి ఇవ్వండి, కొంత ఓడ సరుకు చూసే నా మనిషికి పంపండి" అని రాశాడు.

వేరేచోట అయితే అక్కడే అనుమానం వచ్చేది. మా దగ్గర అడిగినంతే ఇచ్చేవాణ్ణి పిసినారి అంటారు.

చెక్కు వేయడానికి వెళ్తే బ్యాంకులో అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. "ఖాతాలో డబ్బు పడినట్టే కనిపిస్తుంది, కానీ అక్కడి బ్యాంకు ఇంకా ఒప్పుకోలేదు. వారాలు పడుతుంది. ఈలోపు ఎవరికైనా పంపితే, చెక్కు చెల్లకపోతే, పోయేది మీ సొంత డబ్బే."

మా సొంత డబ్బంటే అమ్మ చాపలు అల్లి టికెట్ కోసం కూడబెట్టింది.

ఇంటికొస్తే మెలేఆనే అత్త చాప మీద కూర్చుని టారో దుంపలు చెక్కుతోంది. నాన్నకి అక్క. మా ఇంట్లో ఆమె మాటే ఆఖరు. అక్క ఉన్న గదిలోకి తమ్ముడు రాకూడదని మా ఆచారం, అందుకే నాన్న గుమ్మం దగ్గరే ఉంటాడు.

"ఏమే, ఓడ మనిషికి పంపావా?"

"బ్యాంకు వాళ్ళు ఆగమన్నారత్తా."

"వాళ్ళు ఎప్పుడైనా ఎవరికైనా ఎక్కువిచ్చిన మొహాలేనా? పెట్టిన చేతిని అనుమానిస్తావా. చర్చిలో చెప్పేశాను కూడా, కానుకల ఆదివారం మన పేరే ముందు చదువుతారు."

"ఆ ఫోతుని నీది ఏ ఊరు, మీ అత్త పేరేంటి అని అడిగానత్తా. ఓడ వెళ్ళిపోతోంది, తొందరగా పంపు అంటాడు తప్ప ఇంకో మాట లేదు."

అత్త చేతిలో కత్తి ఆగింది. ఆ ప్రశ్న అడిగితే మావాడు ఎవడైనా తాతల దాకా వెళ్ళిపోతాడు, ఆపడమే కష్టం.

"సిగ్గరి అయ్యుంటాడులే," అంది. మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది, ఈసారి బాగా మెల్లగా.

గుమ్మం దగ్గర నాన్న దగ్గు ఆగాక, "అక్క చెప్పింది చెయ్యమ్మా, నాకింక ఓపిక లేదు," అన్నాడు. బాకా పక్కనే పెట్టెలో ఉంది, నిన్ననే తుడిచి పాత దుప్పటి చుట్టాడు.

ఫోన్ నా చేతిలో ఉంది, ఓడ మనిషికి డబ్బు పంపే బటన్ తెర మీదే ఉంది. అత్త మాట కాదన్న పిల్ల మా వంశంలో లేదు. అత్త నా వైపే చూస్తోంది. పంపితే టికెట్ డబ్బు పోవచ్చు, పంపకపోతే బేరమూ కానుకా పోయి చర్చిలో అత్త తల ఎత్తుకోలేదు.

మీరైతే ఆ బటన్ నొక్కుతారా?