మడతపెట్టని గుడ్డ

స్పాంజి ముక్కకు మెత్తటి గుడ్డ చుట్టి, చిన్న సీసాలోంచి చుక్కలు చుక్కలుగా మందు ఒంపి, కారు కుడి తలుపు మీద ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా రాస్తున్నాడు దుప్పట్లాయన.

బట్టల కొట్లో దుప్పట్ల దగ్గరే తల నెరిసింది కాబట్టి ఆ పేరు. ఎవరో వస్తారు, దొంతరలన్నీ విప్పిస్తారు, ఏమీ కొనకుండా వెళ్ళిపోతారు. ఆ గుట్టను మళ్ళీ మడతపెట్టడమే అతని ఉద్యోగం. ఇంట్లోనూ విప్పిన గుడ్డ కనబడితే చేతులు ఊరుకోవు. భోజనం మధ్యలో లేచి తువ్వాలు మడతపెట్టిన రోజులున్నాయి.

ఇవాళ సెలవు పెట్టాడు. కారుకి మెరుపు తెచ్చే సిరామిక్ పూత. రాసిన చోట కాసేపటికి నూనె తెట్టులా రంగులు తేలతాయి. తేలగానే వేరే గుడ్డతో తుడిచెయ్యాలి. ఆలస్యమైందా, గాజులా బిగుసుకుపోయి మచ్చ మిగులుతుంది.

తుడిచాడు. తలుపులో తన ముఖం కనిపించింది, బట్టతలతో సహా. సంతోషమేసింది.

ఇంత తంటా ఎవరి కోసం? తోడల్లుడి కోసం.

పెళ్ళయిన నాటి నుంచీ ఆ మనిషి కంట్లో నలుసు. వయసులో తనకన్నా చిన్నవాడే. కానీ పెద్ద కూతుర్ని చేసుకున్నాడు కాబట్టి 'అన్నయ్యా' అని పిలవాలి. అత్తగారింట్లో ఫ్యాను కింద కుర్చీ ఆయనది. ఆయన జోకేస్తే ఇల్లంతా నవ్వుతుంది. అదే జోకు తను వేస్తే, "ఇది మా బావ చెప్పిందేగా" అంటుంది భార్య. ఆయన జుట్టు ఇంకా నల్లగానే ఉంది, అదీ రంగు వెయ్యకుండా! కిందటిసారి రెండు కార్లూ అత్తగారి గేటు ముందు పక్కపక్కన నిలబడితే, ఆవిడ ఇతని కారును జాలిగా చూసి, "వర్షంలో వచ్చారా నాయనా?" అంది. ఆ రోజు ఎండ మండిపోతోంది.

రేపు మళ్ళీ అక్కడే భోజనం. ఆ గేటు ముందు రేపు ఆయన కారు వెలవెలబోవాలి. దుప్పట్లాయనకు ఇంకేమీ అక్కర్లేదు.

భార్య టీ తెచ్చింది. "చల్లారకముందే తాగండి. కారుకి కాదు, మీకే."

"మీ అక్కకి చెప్పావా, నేనేం చేస్తున్నానో?"

"చెప్పకుండా ఉంటానా? మా బావ పక్కనే ఉండి విన్నాడట."

"ఏమన్నాడు?"

"వినగానే లేచాడట. బకెట్టు తీసుకుని బయటికి వెళ్ళాడట."

"తగిలింది!" అన్నాడు దుప్పట్లాయన. ఆ టీ అంత తియ్యగా ఎప్పుడూ అనిపించలేదు.

"అవి కార్లా, సవతులా?" అంటూ ఆవిడ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళింది.

మధ్యాహ్నానికి బానెట్ ఒక్కటే మిగిలింది. రేపు అందరి కళ్ళూ ముందు పడేది దాని మీదే. ఊపిరి బిగబట్టి రాశాడు. రంగులు తేలడం మొదలైంది. తుడిచే గుడ్డ అందుకున్నాడు.

లోపల ఫోను మోగింది. "అక్కా, ఏడవకు, సరిగ్గా చెప్పు" అంటోంది భార్య. 

గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మా బావ పడిపోయాడట. డాక్టరు వచ్చి చూసి... లేడన్నాడట."

దుప్పట్లాయన చేతిలో గుడ్డ ఉంది. దాన్ని రెండుగా మడిచాడు. నాలుగుగా మడిచాడు. అంచులు కలవలేదని విప్పి, మళ్ళీ మడిచాడు. ఈలోగా బానెట్ మీద రంగులు ఆరిపోయి, బూడిదరంగు మచ్చగా బిగుసుకుపోయాయి.

ఆ కారులోనే తోడల్లుడి ఇంటికి వెళ్ళారు. దారి పొడవునా ఆ మచ్చ అద్దం అవతల అతని కళ్ళెదుటే ఉంది.

వదిన వరండా మెట్టు మీద కూర్చుని ఉంది. చెల్లెలు వెళ్ళి పట్టుకుంటే, ఆమె భుజం మీదుగా ఇతన్ని చూసింది.

"పొద్దున్నుంచీ తుడుస్తూనే ఉన్నారు, మరిదిగారూ. ఎండలో వద్దంటే వినరే! 'తమ్ముడు పూత వేస్తున్నాడట, రేపు వాడి పక్కన నా కారు దిష్టిబొమ్మలా ఉంటుంది' అన్నారు. ఎప్పుడూ ఇంతే. మీ ఇంటికి వచ్చి వెళ్ళిన ప్రతిసారీ నాతో గొడవే. తమ్ముడింట్లో బీరువా చూడు, దుప్పట్లు ఎంత పొందిగ్గా ఉంటాయో, మన కొంప చూడు, సంతలా ఉంటుంది అని."

దుప్పట్లాయన తల వంచుకున్నాడు. ఆ మనిషి ఒక్కసారి తనను చూసి కుళ్ళుకుంటే చాలని ఇన్నేళ్ళూ కోరుకున్నాడు. కుళ్ళుకుంటూనే ఉన్నాడట.

అక్కడ నిలబడలేక పక్కనున్న ఆయన కారు దగ్గరికి నడిచాడు. ఒక పక్క అద్దంలా మెరుస్తోంది. రెండో పక్క నీటి చారికలు ఎండిపోయి ఉన్నాయి. బకెట్టు పక్కకి ఒరిగి ఉంది. బానెట్ మీద తుడిచే గుడ్డ ఉంది.

చేతులు అలవాటుగా ముందుకు వెళ్ళాయి. మడతపెట్టడం ఎంతసేపు? గుడ్డ అంచు తాకి, చేతులు వెనక్కి తీసుకున్నాడు.

ఎండకు బిరుసెక్కిన ఆ గుడ్డ, వేళ్ళు నొక్కిన గుంటలతో, ఇంకా ఎవరి పిడికిట్లోనో ఉన్నట్టే ముడుచుకుని ఉంది.